జాకిర్ హుస్సేన్: సగం జీవితం దారిలోనే

2024 డిసెంబరు 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూసిన ఉస్తాద్ జాకిర్ హుస్సేన్ (73) గురించి రాసినవారంతా అవార్డుల వరస చెప్పారు, టీ ప్రకటన గుర్తు చేశారు. మూడు పద్మ పురస్కారాలు, ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒకే రాత్రి మూడు గ్రామీలు చిన్న విషయాలేమీ కావు. అంతకంటే తక్కువగా చెప్పుకున్నది, ఏడాదికి కనీసం 150 కచేరీల చొప్పున దాదాపు అర్ధ శతాబ్దం ఊళ్లు తిరిగిన మనిషి ఇంటిని ఎలా నిలుపుకున్నారన్నది.

ఆ తిరుగుడు వారసత్వంగా వచ్చింది. తండ్రి అల్లా రఖా జమ్మూ ప్రాంతం నుంచి వచ్చిన పంజాబ్ ఘరానా తబలా విద్వాంసుడు. పండిట్ రవిశంకర్ సితార్‌కు పక్కన కూర్చుని 1967లో మాంటెరీ, 1969లో వుడ్‌స్టాక్ వేదికలెక్కిన మనిషి. ఆయన ఇంటిపట్టున ఉన్నది తక్కువే. 1951 మార్చి 9న పుట్టిన పెద్ద కొడుకును ఇంటికి తెచ్చినప్పుడు, ఆనవాయితీ ప్రకారం చెవిలో ప్రార్థన చెప్పాల్సిన తండ్రి తబలా బోల్స్ వినిపించారట. అదేమిటని తల్లి కోప్పడితే, తనకు ఇదే ప్రార్థన అన్నారట. జాకిర్ ఈ కథను చాలా ఇంటర్వ్యూల్లో చెప్పారు.

ఏడేళ్ల వయసు వచ్చాక తెల్లవారుజామున మూడు గంటలకు తండ్రి లేపేవారు. మొదట్లో అది చేతులతో వాయించే సాధన కాదు, నోటితో బోల్స్ పలకడం. తర్వాత మదర్సా, అటునుంచి మాహింలోని క్రైస్తవ పాఠశాల. ఉదయమంతా మూడు లోకాల్లో గడిచేది. ఇందులో ఏ ఒక్కటీ మరొకదానికి అడ్డు అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తర్వాతి రోజుల్లో ఏ దేశపు వాద్యంతోనైనా బెరుకు లేకుండా కూర్చోగలగడానికి మూలం ఇక్కడే ఉందనిపిస్తుంది.

పన్నెండేళ్లకే కచేరీలకు ప్రయాణాలు మొదలయ్యాయి. రిజర్వేషన్ లేని రైలు పెట్టెలో కింద పేపరు పరుచుకుని, ఎవరి కాలూ తగలకుండా తబలాను ఒళ్లో పెట్టుకుని పడుకునేవారు. సరస్వతి అనుకునే దానికి కాలు తగలకూడదు మరి. 1970లో రవిశంకర్ కచేరీకి తండ్రి స్థానంలో వాయించడానికి అమెరికా వెళ్లారు. అక్కడే కాలిఫోర్నియాలోని అలీ అక్బర్ సంగీత కళాశాలలో పాఠం చెబుతూ ఉండిపోయారు.

అక్కడే ఆంటోనియా మినెకోలా పరిచయం. ఇటాలియన్ అమెరికన్ అయిన ఆమె సితారా దేవి దగ్గర కథక్ నేర్చుకున్నారు. 1978లో పెళ్లయింది. ఆ విషయం మొదట తల్లికి చెప్పలేదనీ, తమ ఇంట అలాంటి మతాంతర వివాహం అదే మొదటిదనీ, కోడలిని ఆమె అంగీకరించడానికి సమయం పట్టిందనీ జాకిర్ తర్వాత దాచకుండా చెప్పారు. ఇద్దరు కూతుళ్లు పుట్టారు. ఆంటోనియా భర్తకు మేనేజరయ్యారు, తన నాట్యాన్ని వెనక్కి పెట్టి పిల్లల్ని పెంచారు. భర్త ఏడాదిలో సగం రోజులు మరో ఊళ్లో ఉంటే ఇల్లు ఎవరు నడిపినట్టు? 150 కచేరీల లెక్క చెప్పేటప్పుడు ఈ లెక్కా పక్కన వేయాలి.

ఆయన వేదికలకు ఒక నియమం ఉండేది. పెళ్లిళ్లలో, కంపెనీల విందుల్లో, ప్రైవేటు పార్టీల్లో వాయించరు. జనం తింటూ తాగుతూ మాట్లాడుకునే చోట సంగీతం నేపథ్యంగా మిగలడం ఆయనకు ఇష్టం లేదు. దీని వెనక తబలా చరిత్ర కూడా ఉంది. తండ్రి తరానికి ముందు తబలా వాద్యకారుడి పేరు పోస్టర్ మీదా, రికార్డు అట్ట మీదా కనిపించడమే అరుదు. పక్కవాద్యానికి గౌరవం తేవడానికి అల్లా రఖా తరం పోరాడింది, కొడుకు తరం దాన్ని అనుభవించింది. శంఖం, డమరుకం, గుర్రపు డెక్కల చప్పుడు తబలా మీద పలికించి జాకిర్ సభను నవ్వించేవారు. ఇది గారడీ అని పెదవి విరిచిన రసికులున్నారు. కానీ ప్రధాన వాద్యం విస్తరిస్తున్నప్పుడు ఆయన ఎంత తక్కువ వాయించేవారో వింటే ఆ ఫిర్యాదు నిలవదు. సంతూర్ విద్వాంసుడు శివకుమార్ శర్మతో దశాబ్దాల జుగల్బందీ అందుకు సాక్ష్యం. 2022 మేలో శర్మ పోయినప్పుడు పాడె మోసి, ఆ తర్వాత చితి దగ్గర చేతులు కట్టుకుని ఒంటరిగా నిలబడ్డ జాకిర్ ఫొటో దేశమంతా చూసింది.

సహవాద్యకారులు ఆయనకు మరో కుటుంబం. 1973లో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌, వయొలిన్ ఎల్.శంకర్‌, ఘటం విక్కు వినాయకరామ్‌లతో మొదలైన 'శక్తి' హిందుస్థానీ, కర్ణాటక తాళాలను ఒకే వేదికపైకి తెచ్చింది. 1990ల చివర 'రిమెంబర్ శక్తి'గా మళ్లీ కూడినప్పుడు అందులో మాండలిన్ మన పాలకొల్లు శ్రీనివాస్‌ది. 2014లో 45 ఏళ్లకే ఆయన వెళ్లిపోయారు. బృందం 50 ఏళ్ల యాత్ర 2023లో జరిగింది, అప్పటికి జాకిర్‌కు 72.

ఇన్ని ప్రయాణాల మధ్య మారని తేదీ ఒకటుండేది. 2000 ఫిబ్రవరిలో కంటి శస్త్రచికిత్స సమయంలో కూతురు మరణించిందన్న వార్త విన్న అల్లా రఖా మర్నాడు, 3వ తేదీన, గుండెపోటుతో పోయారు. ఇరవై నాలుగు గంటల్లో తోబుట్టువును, తండ్రినీ, గురువునూ కోల్పోయిన జాకిర్, తమ్ముళ్లు ఫజల్, తౌఫిక్‌లతో కలిసి ఏటా ఫిబ్రవరి 3న ముంబయిలో 'అబ్బాజీ'కి స్మారక కచేరీలు నడిపారు. పొద్దు పొడిచే వేళ మొదలై రాత్రి దాకా సాగే ఆ రోజున పెద్ద విద్వాంసులూ, పేరు తెలియని కుర్రాళ్లూ వాయిస్తారు. తద్దినం పెట్టినట్టు కాదు, ఇంట్లో పండగలా ఉండేదని వెళ్లినవాళ్లు చెబుతారు.

చివరి రోజుల్లో ఇడియోపథిక్ పల్మనరీ ఫైబ్రోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి ఆయనను ప్రయాణాలకు దూరం చేసింది. డిసెంబరు 19న శాన్‌ఫ్రాన్సిస్కో సమీపంలోని మిల్ వ్యాలీలో ఖననం చేశారు. మన బాలు పాటల వేదికల మీద ఎదిగిన శివమణి అక్కడ డ్రమ్స్ వాయించి సాగనంపారు.