బస్తీల ఆరోగ్యమున బస్తీవారి మాట

రోగికి మందిచ్చుట యొక ధర్మము. ఆ మందు ఎక్కడ, ఏ వేళ, ఏ రీతిని ఇచ్చిన నతనికి చేరునో యతనినే యడిగి నిర్ణయించుట మఱియొక ధర్మము. మొదటి ధర్మమును మన ప్రభుత్వములు కొంతవఱకు నెఱవేర్చినవి. రెండవదాని గతి యేమైనది? హైదరాబాదు నగర చరిత్రమును, విశేషించి నగరమునకు తూర్పుననున్న ఉప్పలు, నాచారము ప్రాంతముల స్థితిని పరిశీలించి యీ ప్రశ్నకు సమాధానము వెదకుదము.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. సుమారు 15,000 మంది మరణించిరని యంచనా. మూడేండ్లకే, అనగా 1911లో, ప్లేగు నగరమును పీడించెను. ఈ రెండు విపత్తుల పిమ్మట 1912లో నగరాభివృద్ధి సంఘ మేర్పడి, ఇఱుకు వాడలను తొలగించి, వెడల్పైన వీధులను, గాలి వెలుతురు చొరబడు గృహములను నిర్మింప నారంభించెను. వరదల నరికట్టుటకు 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును పూర్తియైనవి. ఇవి గొప్ప కార్యములు. వాని ఫలమును నగరము నేటికిని అనుభవించుచున్నది. కాని యే వాడను తీయవలెనో, ఎక్కడ కట్టవలెనో నిర్ణయించినవారు అధికారులు, ఇంజనీర్లు. వారి దృష్టికి పేదవాని యిల్లు రోగమునకు నెలవుగా గనబడెనేగాని, పేదవాడు తన వాడ మర్మము తెలిసిన మనుష్యుడుగా గనబడలేదు.

ఆ మర్మము తెలిసినవారు లేకపోలేదు. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మగారు అస్పృశ్యులనబడినవారి వాడలలో విద్యను, పారిశుద్ధ్యమును, మద్యపాన విసర్జనమును ప్రబోధించిరి. ఆ పని పైనుండి దిగివచ్చినది కాదు. ఆ వాడలలో పుట్టి పెరిగినవారు తమవారికై చేసినది. పేదలు తమ మేలు తామెఱుగరనువారికి మన నగరమే వందేండ్ల క్రిందట సమాధానము చెప్పియున్నది.

లండను నగరమునుండి యొక నిదర్శనము చూతము. 1854లో బ్రాడ్ స్ట్రీట్ అను వీధియందు కలరా చెలరేగగా, జాన్ స్నో అను వైద్యుడు ఆ వ్యాధి యొక నీటిపంపునుండి వచ్చుచున్నదని చెప్పెను. ఆ పేటలోని హెన్రీ వైట్‌హెడ్ అను యువ మతాచార్యుడు మొదట దీనిని నమ్మలేదు. పేదల యిండ్ల గడపలన్నియు నతనికి పరిచితములు గనుక నింటింటికి బోయి విచారించెను. ఆ పంపునకు జేరువనున్న యింటి పసిబిడ్డ వ్యాధియే మూలమై యుండునని, బిడ్డ గుడ్డలుదికిన నీరు చేరిన గుంటనుండి మలినము బావిలోనికి దిగినదని తెలిసినది ఆ విచారణ ఫలముగానే. వైద్యుని శాస్త్రమును, వాడవారి యెఱుకయు కలిసిన తరువాతనే సత్యము సంపూర్ణమైనది.

ఇక ఉప్పలు, నాచారముల సంగతి. వరంగల్లు బాటపై నున్న ఉప్పలును, దాని పొరుగుననున్న నాచారమును ఒకప్పుడు చెఱువుల క్రింద సేద్యము చేసికొను పల్లెలు. గత శతాబ్దపు ఉత్తరార్ధమున పారిశ్రామిక వాడలు వెలసి, జిల్లాలనుండి, పరరాష్ట్రములనుండి కూలిజనము వచ్చి చేరెను. కర్మాగారమునకు గోడ కట్టించినవారుండిరిగాని, కూలివాని బస్తీకి మురుగుకాలువ త్రవ్వించు తొందర యెవరికిని లేకపోయెను. ఈ ప్రాంతపు ఉప్పల్ కలాన్, కాప్రా మునిసిపాలిటీలు 2007లో మహానగరపాలక సంస్థయందు విలీనమైనవి.

నాచారములో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి గలదు. 1948 నాటి చట్టముతో మొదలై, కార్మికుడును యజమానియు చెల్లించు చందాలపై నడచు బీమా వైద్యమిది. ఆ బీమా సంస్థను నడుపు కార్పొరేషనులో యజమానుల ప్రతినిధులకును, కార్మికుల ప్రతినిధులకును సమసంఖ్యలో స్థానములుండవలెనని ఆ చట్టమే నిర్దేశించెను. ఆ ప్రతినిధులు తమ పనిని ఎంత చక్కగా చేసిరను ప్రశ్న వేఱు. పద్ధతిని మాత్రము గమనింపుడు. చందా కట్టిన కార్మికునకు అడుగుటకు హక్కున్నది. కాని యదే బస్తీలో, అదే గోడకావల, పాచిపని చేయు స్త్రీకిని, అడ్డామీద నిలిచి దినకూలి వెదకికొను మేస్త్రీకిని ఆ బీమాయు లేదు, ఆ పీఠమును లేదు. ఆసుపత్రి గోడ కండ్లకు గనబడుచునే యుండును. గేటు మాత్రము వారిది కాదు.

ఇట్టి వారికొఱకు జరిగిన ప్రయత్నములు కొన్ని గలవు. 1967లో హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషను నగర సమాజాభివృద్ధి పథకమును ప్రారంభించెను. బస్తీ సంఘములను, మహిళా మండలులను ఏర్పఱచి, ముందు వారి యవసరములను వారిచేతనే చెప్పించి, పనిలో వారికి పాలు పంచియిచ్చుట దాని పద్ధతి. బాలవాడీలు, టీకాలు, కుట్టుపని శిక్షణ, పిదప స్వయంసహాయ గృహనిర్మాణము ఆ త్రోవలోనే సాగినవి. దేశదేశములవారు వచ్చి చూచి మెచ్చిరి. అయితే అది కార్పొరేషను సరిహద్దులోని మాట. ఉప్పలు నాడు ఆ సరిహద్దు కావల నుండెను. 1978లో ఆల్మా ఆటా మహాసభ, తమ ఆరోగ్య రక్షణను యోచించుటయందును, నడపుటయందును పాల్గొనుట ప్రజలకు హక్కును విధియు నని ప్రకటించెను. ఆ మాటకు పదునొకండేండ్ల ముందే మన నగరమున ఆ పని మొదలైనదని తలంచిన సంతోషము కలుగును. అది నిలువలేదని తలంచిన విచారము కలుగును.

2000 సంవత్సరమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పట్టణములలోని పేదవాడలకొఱకు 192 ఆరోగ్యకేంద్రములను స్వచ్ఛంద సంస్థల కప్పగించి నడిపించెను. 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చెను. ఏబదినుండి నూఱు కుటుంబముల కొక మహిళా ఆరోగ్య సమితి యుండవలెనని, దానికి ఏటేట 5,000 రూపాయలు సమితి యిచ్ఛానుసారము వ్యయించుట కీయవలెనని ఆ పథకము విధించెను. 2018లో బస్తీ దవాఖానాలు మొదలైనవి. ఐదువేలనుండి పదివేల జనమున కొక చిన్న వైద్యశాల, అందొక వైద్యుడు, ఒక నర్సు, ఉచితముగా మందులు, రక్తపరీక్షలు. జ్వరము వచ్చిన బిడ్డను ఎత్తుకొని గాంధీ ఆసుపత్రికి పోవు తల్లికి ఇది యెంత మేలో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మఱి లోపమేది? పై చరిత్రమున పేదవాని స్థానము మాఱుచు వచ్చినది: మొదట రోగమునకు నెలవు, తరువాత దానము పుచ్చుకొనువాడు, తరువాత కూలిలేని చేతిసాయము. ఇంటింటికి తిరిగి గర్భిణుల పేర్లు వ్రాయుటకు, పోలియో చుక్కలకు తల్లులను పిలుచుకొని వచ్చుటకు బస్తీ స్త్రీ కావలెను. ఆశా కార్యకర్తకు సయితము జీతగత్తె యను పేరులేదు, స్వచ్ఛంద సేవిక యనియే పేరు. కాని దవాఖానా యే వేళ తెఱవవలెనో నిర్ణయించునప్పుడు ఆమె నడిగిన వారెవరు? పగటివేళ తెఱచి ప్రొద్దుగ్రుంకకమునుపే మూయు వైద్యశాల దినకూలివానికి ఉచితము కాదు. ఆనాటి కూలియే దాని వెల. క్షయరోగి మందు సాధారణముగా ఆఱుమాసములు సాగవలెను. కూలికి వెఱచి నడుమ మానిన మందునకు లొంగని క్షయ పుట్టి యా బస్తీనంతను చుట్టుకొనును. నల్లా గొట్టము మురుగుకాలువనుండి పోవుచున్నదను సంగతి తొలుత బస్తీ యిల్లాలికి తెలియును. కడపట ఆఫీసునకు తెలియును.

బ్రెజిలు దేశమువారు 1988 నాటి రాజ్యాంగమున ఆరోగ్యమును పౌరుని హక్కుగా ప్రకటించి, 1990లో చేసిన చట్టముచేత ఆరోగ్య మండలులను నెలకొల్పిరి. ఆ మండలులలో సగము స్థానములు వైద్యము పొందు ప్రజలవి. అక్కడను కలహములు లేకపోలేదు. కాని లెక్క యడుగుట యక్కడ దయాధర్మము కాదు, చట్టసిద్ధమైన హక్కు.

సంఘములు పెట్టిన నవి గల్లీ నాయకుల పాలగునని కొందఱందురు. నిజమే, అట్లగుట గలదు. అందులకు మందు సంఘమును తీసివేయుట కాదు. స్త్రీల సంఖ్యను హెచ్చించుట, సభ్యులను రెండేండ్ల కొకసారి మార్చుట, లెక్కలను బహిరంగముగా చదువుట. ప్రజలను కలుపుకొనుట యను పేర ప్రభుత్వము తన భారమును వారి నెత్తిన వేయుననువారును గలరు. ఈ భయమును నిరాధారము కాదు. కావుననే మేము కోరునది పనిలో పాలు కాదు, నిర్ణయములో పాలు. ప్రతి బస్తీ దవాఖానాయందును సాయంకాలమున నెలకొక సభ జరుగవలెను. ఏ మందులున్నవి, ఏవి లేవు, వైద్యుడు ఏయే దినములందు వచ్చెను అను పట్టిక తెలుగున, ఉర్దూన, హిందీన గోడపై నుండవలెను. చదువురానివారికి దానిని చదివి వినిపింపవలెను. సభ యడిగిన ప్రశ్నకు మరుసటి సభలోపల వ్రాతమూలకముగ ఉత్తరము రావలెను. సభకు వచ్చిన కూలిజనమునకు పోయిన కూలి ఈయవలెను. పెద్ద సభలకు పోవు అధికారికి బత్తెమున్నప్పుడు వీరికి లేకుండుట న్యాయము కాదు.

ఇందు చదువరుల పాత్రయు గలదు. హబ్సిగూడాలోను, రామంతాపూరులోను, ఇట్టి యే పేటలోనైనను మన యిండ్ల గిన్నెలు తోము తల్లి బస్తీనుండియే వచ్చుచున్నది. ఆమె బిడ్డకు టీకా వేయించు దినమున జీతము కోయకుండుట మనచేతిలోని పని. సభకు పోవు సాయంకాలమున నామెను గంట ముందు పంపుట మనచేతిలోని పని. ఆమె తన బస్తీ నీటిని గూర్చి చెప్పునప్పుడు అది పనిమనిషి సోదె యని త్రోయక, వార్తగా వినుటయు మనచేతిలోనిదే. 1912లో పేదల యిండ్లను కొలిచినవారు మంచివారే. కాని వారిని అడుగుట యను పని మిగిలిపోయినది. ఆ మిగిలిన పనిని ఉప్పలు నాచారముల బస్తీలనుండి మొదలిడుదము.