ఆ గంట ఫీజు ఎవరు కట్టారు?

కొవ్వూరు చరిత్ర రాసేవాళ్లు గోష్పాద క్షేత్రంతో మొదలుపెట్టి, ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠం మీదుగా గోదావరి వంతెనల దాకా వస్తారు. అవన్నీ రాయవలసినవే. మా పేటకి మొట్టమొదటి నెలజీతాలు తెచ్చిన చోటు మాత్రం ఆ రాతల్లో కనపడదు. అది మేడమీద అద్దెగది, అందులో చెక్కబల్లల మీద వరసగా పెట్టిన టైపు మిషన్లు. నేను అక్కడే నేర్చుకున్నాను, తర్వాత చాలా ఏళ్లు అక్కడే నేర్పాను. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక కూడా ఆ వృత్తిలోనే ఉన్నాను. అందుకని ఆ గదుల సంగతి నేను రాస్తున్నాను.

మా నాన్న ఒక రైతు దగ్గర పాలేరు. అమ్మ నాట్లకి వెళ్లేది, సీజన్లో చాగల్లు పంచదార ఫ్యాక్టరీకి తోలే చెరకు కొట్టడానికి వెళ్లేది. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి నేను పదో తరగతి గట్టెక్కాను. "టైపు లోయరు పాసైతే ఎక్కడో ఒక చోట గుమాస్తా పని దొరుకుద్దంట" అని నాన్నతో ఎవరో అన్నారు. ఆ రోజుల్లో మా వీధికి చేరిన ఉద్యోగ సలహా అదొక్కటే.

ఇనిస్టిట్యూట్లో గంటకో బ్యాచ్. పొద్దున ఆరింటికి ఆడపిల్లలు, చీకటి పడ్డాక ఫ్యాక్టరీ గుమాస్తాలు. రెమింగ్టన్లు, గోద్రెజ్‌లు, హల్డాలు. అరిగిన రిబ్బను, కార్బన్ కాగితం వాసన, గదంతా టకటక. ముందు ఎడమచెయ్యి నాలుగు వేళ్లు, తర్వాత కుడిచెయ్యి నాలుగు వేళ్లు, కీల వైపు చూస్తే మాస్టారి స్కేలు. నిమిషానికి 30 మాటలు కొడితే లోయరు, 45 కొడితే హయ్యరు. రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేది. కోర్టు గుమాస్తాలు, లాయర్ల దగ్గర టైపిస్టులు, రాజమండ్రి ఆఫీసుల్లో స్టెనోలు అందరూ ఆ మెట్లు ఎక్కినవాళ్లే. 1974లో రోడ్డు-రైలు వంతెన తెరిచాక బస్సు మీద రాజమండ్రి వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరడం తేలికైంది. కాబట్టి ఇక్కడ నేర్చుకుని అక్కడ ఉద్యోగం చెయ్యడం సాగింది.

మా మాస్టారు ఎవరినీ కులం అడగలేదు. ఆయనకి చేతులెత్తి దణ్ణం పెడతాను. నెల మొదట్లో ఫీజు అడిగేవారు, ఆయనా అద్దె కట్టాలి కదా. ఫీజు కట్టలేక లోయరుకి ముందే మానేసిన పిల్లల్లో ఎక్కువమంది మా పేటవాళ్లే. కులం అడగని చోట కూడా పేట పిల్లలే ముందు ఎందుకు ఆగిపోయారన్నది అప్పుడే నాకు పట్టుకున్న ప్రశ్న. గది తలుపు తీసే ఉంది. గంటసేపు మిషన్ ముందు కూర్చోవడానికి డబ్బు కట్టేవాళ్లు లేరు.

ఈ ప్రశ్నకి జవాబు వెతకాలంటే కాలవల దాకా వెళ్లాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. ఈ ఒడ్డున విజ్జేశ్వరం దగ్గర మొదలయ్యే కాలవ పశ్చిమ డెల్టాని తడిపింది. భూమి ఉన్నవాళ్లకి ఏటేటా ధాన్యం మిగిలింది. ఆ మిగులు మిల్లులయింది, సినిమాహాళ్లయింది, చివరికి పిల్లల చదువయింది. మన దగ్గర సీట్లు చాలని రోజుల్లో డెల్టా రైతుల పిల్లలు డొనేషన్ కట్టి కర్ణాటకలో ఇంజనీరింగ్ చదివారు. 1977లో విజయవాడలో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. 1980లో భీమవరంలో ఎస్.ఆర్.కె.ఆర్. వచ్చింది. 1983లో రాష్ట్రం క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ చట్టం చేసింది. పదేళ్లకి, 1993లో, ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు మెరిట్ మీద ప్రభుత్వ ఫీజుకే ఇవ్వాలంది. మా పిల్లలు 'ఫ్రీ సీటు' అన్న మాట విన్నది అప్పుడే. ఆ తీర్పులో మన రాష్ట్రం పేరుందని చాలామందికి తెలీదు.

కొవ్వూరు గదుల్లోకి కంప్యూటర్లు వచ్చింది కూడా ఆ తొంభైల్లోనే. టైపు మిషన్లని ఒక గోడకి జరిపి, ఇంకో గోడ వైపు అద్దాల గది కట్టారు. లోపల ఏసీ. దుమ్ము పడితే పాడవుతుందని చెప్పులు బయట వదిలి వెళ్లాలి. మధ్యాహ్నం బ్యాచ్ టైముకి గుమ్మం ముందు చెప్పులు చూస్తే లోపల ఎవరెవరున్నారో తెలిసిపోయేది. ప్లాస్టిక్ చెప్పులు తక్కువగా ఉండేవి. డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్, తర్వాత ఫాక్స్‌ప్రో. కోర్సు పేరు డీసీఏ, డిగ్రీ అయినవాళ్లకి పీజీడీసీఏ. టైపు ఫీజుకి ఎన్నో రెట్లు. అంతా కట్టినా కంప్యూటరుకి ముగ్గురు. ఒకరు కొడుతుంటే ఇద్దరు చూడాలి. వంతు వచ్చేసరికి కరెంటు పోయేది. నన్ను ఇన్‌స్ట్రక్టరుగా పెట్టుకున్నాక ఒక్క నియమం మాత్రం గట్టిగా పట్టాను. చూస్తూ కూర్చునే మూడో పిల్లకి బ్యాచ్ అయిపోయాక పావుగంట ఇవ్వాలి. ఆ పావుగంటలోనే నేర్చుకున్న పిల్లలున్నారు. టైపు హయ్యరు చేసొచ్చినవాళ్లకి కీబోర్డు కొత్తగా అనిపించలేదు, అక్షరాల వరస అదే కదా. డేటా ఎంట్రీ పనుల్లో, డీటీపీ షాపుల్లో వాళ్లే ముందు కుదురుకున్నారు.

1998 నవంబరులో వాజపేయి గారు హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న గండం గట్టెక్కించడానికి అమెరికా కంపెనీలకి కోబాల్ తెలిసినవాళ్లు కావాల్సొచ్చింది. మా వైపు కుర్రాళ్లు రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి సికింద్రాబాదులో దిగి అమీర్‌పేట చేరేవాళ్లు. మైత్రీవనం చుట్టూ కోర్సుల బోర్డులు, నలుగురు అద్దెకుండే గదులు, కర్రీ పాయింట్లు. చైనా దేశపు పరిశోధకుడు షియాంగ్ బియావో ఈ తెలుగు కుర్రాళ్ల మధ్య తిరిగి 'గ్లోబల్ బాడీ షాపింగ్' అన్న పుస్తకం రాశాడు, 2007లో అచ్చయింది. కోర్సుకీ వీసాకీ టిక్కెట్టుకీ డబ్బు ఎక్కడిదని ఆయన అడిగాడు. కోస్తా పొలాలు, కట్నాలు, బంధువర్గం అని తేల్చాడు. అక్షరాలా నిజం. నా దగ్గర ఫాక్స్‌ప్రో చక్కగా నేర్చుకున్న ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు న్యూజెర్సీ వెళ్లాడు, రెండోవాడు ఇసుక ర్యాంపులో లెక్కలు రాశాడు. తెలివిలో ఇద్దరూ సమానమే, నేను నేర్పినదాన్ని కాబట్టి చెప్పగలను. అమ్ముకోవడానికి ఒకరి ఇంట్లో ఎకరం ఉంది.

అప్పట్లో మాది పశ్చిమగోదావరి జిల్లా. 2022 ఏప్రిల్లో తూర్పుగోదావరిలో కలిపారు. ఆ పశ్చిమగోదావరిలో 2002 ప్రాంతంలో, సంజయ్ జాజు కలెక్టరుగా ఉండగా, ఒక మంచి పని జరిగింది. హైదరాబాదులో ఈ-సేవ అప్పటికే మొదలైంది. జిల్లాలో రూరల్ ఈ-సేవ కేంద్రాలు పెట్టి వాటిని డ్వాక్రా సంఘాల ఆడవాళ్ల చేతిలో పెట్టారు. ఇంటరో డిగ్రీయో చదివి, పెళ్లయి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు కౌంటరు వెనక కూర్చుని కరెంటు బిల్లులు కట్టించుకున్నారు, అర్జీలు ఎక్కించారు, సర్టిఫికెట్లు ఇప్పించారు. ఊళ్లో మోతుబరి వచ్చి పేట పిల్లని "అమ్మా, నా బిల్లు చూడమ్మా" అని అడగడం నేను విన్నాను. వాళ్లలో చాలామంది ముందు టైపు నేర్చుకున్నవాళ్లే. ఆ పేర్లూ పద్ధతులూ ప్రభుత్వాలతో మారిపోయాయి. 2011లో మీసేవ వచ్చాక పని తీరే వేరయింది. కానీ యంత్రం మీద సంపాదించే పని పేదింటి ఆడవాళ్లకి ప్రభుత్వమే చేతిలో పెట్టడం మా ప్రాంతంలో అంతకు ముందు నేను చూడలేదు.

తర్వాత 2008. నా లెక్కలో ఈ చరిత్రకి నడిమధ్య నిలబడే ఏడాది అదే. రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ని ఎస్సీ, ఎస్టీలతో పాటు బీసీలకీ, అగ్రకులాల్లోని పేదలకీ విస్తరించిన కాలం అది. కొద్ది ఏళ్లలోనే ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు 700 దాటాయి. వాటిలో ల్యాబుల్లేనివి, లెక్చరర్లు లేనివి ఎన్నో. ఆ విమర్శ సరైనదే. అయినా ఇసుక పడవ మీద పనిచేసే ఆయన కూతురు బీటెక్ కంప్యూటర్స్ అని చెప్పుకోగలిగింది ఆ పథకం వల్లే. విమర్శించేవాళ్లు ఆ ఇంటికి కూడా ఒకసారి వెళ్లి రావాలి.

అదే ఏడాది రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పుట్టింది. జనం నోట్లో ట్రిపుల్ ఐటీ. నూజివీడు, ఇడుపులపాయ, బాసర మూడు చోట్ల. పదో తరగతి మార్కులతోనే చేర్చుకుంటారు, కోచింగ్ అక్కర్లేని ప్రవేశం. ఆరేళ్లు అక్కడే ఉండి చదువు. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకి 0.4 పాయింట్లు కలిపారు. మొదటి ఛాన్సలర్ రాజ్‌రెడ్డి గారు, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. చేరిన ప్రతి పిల్లకీ ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. కంప్యూటరుకి ముగ్గురిని కూర్చోబెట్టి నేర్పిన నాకు ఆ వార్త చదివినప్పుడు కన్నీళ్లొచ్చాయి. మొదట్లో పాఠాలు సగం ఇంగ్లీషు వీడియోలు. తెలుగు మీడియం పిల్లలు నానా అవస్థా పడ్డారు, హాస్టల్లో ఏడ్చి ఇంటికి ఫోన్లు చేశారు. సెలవులకి వచ్చిన ఒక కుర్రాడు నాతో అన్నాడు, "రాత్రి రెండింటికి కూడా ప్రోగ్రాం రాసుకోవచ్చు మేడమ్, ఎవరూ టైమయిపోయిందనరు" అని. నేను ఏళ్ల తరబడి గడియారం చూసి పిల్లల్ని లేపినదాన్ని.

ప్రభుత్వ హైస్కూళ్లకి కంప్యూటర్లు ఇచ్చిన పథకం గురించి ఇంత మంచిగా చెప్పలేను. అదే కాలంలో 5 వేల బడులకి ఇచ్చారు. నిర్వహణ ప్రైవేటు ఏజెన్సీలది. నేర్పేవాళ్లకి చాలీచాలని జీతాలు, కాంట్రాక్టు ముగిశాక వాళ్లు ఇళ్లకి. నేను వెళ్లిన ఒక బడిలో ఆ గది తాళం ఎవరి దగ్గరుందో హెడ్మాస్టరుకి కూడా తెలీదు.

2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు డిజిటల్ అసిస్టెంట్ అని ఒక ఉద్యోగం పెట్టారు. రాత పరీక్ష, మెరిట్, రిజర్వేషన్. కొవ్వూరు చుట్టుపక్కల పేటల్లోంచి ఆ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నాకు తెలుసు. న్యూజెర్సీ జీతం కాదు. సొంత ఊళ్లో పర్మనెంటు ఉద్యోగం, తల్లిదండ్రుల మందులకి లోటు లేని జీవితం. సాఫ్ట్‌వేర్ అంటే అమెరికాయే అనుకునే మన అలవాటు వల్ల ఇలాంటి ఉద్యోగాల్ని తక్కువగా చూస్తాం. అది తప్పు.

ఇప్పటి కష్టం పాత కష్టమే. రీయింబర్స్‌మెంట్ డబ్బు వేళకి రాదు. పథకం పేరు మారుతుంది, జమ అయ్యే ఖాతా మారుతుంది, ప్రభుత్వాలు మారతాయి, బకాయిలు మాత్రం ఉంటాయి. ఆ మధ్య మా వీధి పిల్లకి ఉద్యోగం వచ్చింది. కాలేజీవాళ్లు బాకీ కడితేనే సర్టిఫికెట్లన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకోకూడదని యూజీసీ 2016లోనే చెప్పింది. ఆ కాగితం పట్టుకుని వెళ్లి అడిగే ధైర్యం పాలేరు ఇంట్లో ఎవరికుంటుంది? వడ్డీకి తెచ్చి కట్టారు. ప్రభుత్వం కడతానన్న ఫీజుకి ఆ తల్లి నూటికి మూడు రూపాయల వడ్డీ కట్టింది.

ఇంతకాలం చూసి నేను తెలుసుకున్నది చెప్తాను. యంత్రం ఏదైనా పేదపిల్లలు దాన్ని నేర్చుకోగలరు. దాని ముందు కూర్చునే గంటకి మరొకరు డబ్బు కట్టిన ప్రతిసారీ నేర్చుకున్నారు, కట్టనప్పుడు ఆగిపోయారు. అందుకని ఇది చదువుతున్న మీకు నా మనవి. మీ వీధిలో ప్రభుత్వ బడిలో పది పాసైన పిల్ల ఉంటే ట్రిపుల్ ఐటీ దరఖాస్తు గడువు ఆ ఇంటికి వెళ్లి చెప్పండి, దరఖాస్తు రుసుం మీరే కట్టండి. ఇంట్లో వాడకుండా పడున్న ల్యాప్‌టాప్‌ని దగ్గర్లోని సంక్షేమ హాస్టల్ వార్డెనుకి అందజేయండి. సర్టిఫికెట్ల కోసం కాలేజీకి వెళ్లే తల్లి ఎవరైనా ఉంటే ఆవిడ పక్కన మీరూ వెళ్లి కూర్చోండి.