కోరుకొండ సీమ ఇళ్లలో లోపలి పని

రాజమహేంద్రవరానికి ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, గోకవరం మీదుగా రంపచోడవరం మన్యానికి పోయే దారిలో ఉన్న కోరుకొండకు ఒక పక్క కలప పండే అడవి, మరో పక్క వరి పండే డెల్టా ఉండడం వల్ల, ఈ సీమలో ఇల్లు కట్టే పద్ధతి ఆ రెంటి మధ్యా రూపుదిద్దుకుంది. నేడు ఇంటీరియర్ డిజైనర్ అనే నిపుణుడు చేసే పనులు, అంటే ఏ గదిలో వెలుతురు ఎటు నుంచి రావాలి, ఏ వస్తువు ఎక్కడ ఉండాలి, పైకప్పు కింది నుంచి ఎలా కనబడాలి అన్న నిర్ణయాలు, పూర్వం ఇక్కడ జరగలేదని కాదు. అవన్నీ గోడ లేవకముందే, కట్టడంలో భాగంగానే జరిగిపోయేవి కనుక వాటికోసం వేరే వృత్తి అవసరపడలేదు.

ఈ సీమలో మిగిలిన అతి పాత కట్టడపు పని రాతిలోనే కనిపిస్తుంది. కాకతీయుల పతనానంతరం కోరుకొండ రాజధానిగా పాలించిన కొప్పుల వంశీయుడు ముమ్మడి నాయకుడు, వైష్ణవాచార్యుడైన పరాశర భట్టరుకు శిష్యుడయ్యాడు. కొండ మీద లక్ష్మీనరసింహస్వామి ఆలయం వెలసిన కాలానికి సాక్ష్యంగా శక 1275, అనగా సామాన్య శకం 1353 నాటి శాసనం ఉంది. ఆ కొండ కింద నివసించిన వారి ఇళ్లు మాత్రం మట్టి, తాటి, వెదురు వంటి వాటితో కట్టినవి కావడం చేత నిలవలేదు. అందుచేత ఇంటి లోపలి చరిత్రకు ఆధారాలు గత రెండు శతాబ్దాల పెంకుటిళ్ల లోను, మండువా లోగిళ్ల లోను వెతకవలసిందే.

ఆ ఇళ్ల రూపకల్పన సిద్ధాంతి, వడ్రంగి అనే ఇద్దరి మధ్య నడిచేది. సిద్ధాంతి పంచాంగం చూసి, స్థలపు కొలతలకు ఆయం కట్టేవాడు. ఆయం అంటే ఇంటి క్షేత్రఫలాన్ని 9తో హెచ్చించి 8తో భాగిస్తే వచ్చే శేషాన్ని బట్టి ధ్వజం, ధూమం, సింహం మొదలైన ఎనిమిదింటిలో ఒకటి నిర్ణయించే లెక్క. ఇందులో బేసి శేషాలు శుభం, సరి శేషాలు అశుభం. ఈ లెక్క కుదరక గది పొడుగు నాలుగంగుళాలు పెరగడమో తరగడమో జరిగేది గనుక, ఇంటి కొలతల్లో సౌకర్యం కంటే శాస్త్రం మాటే ముందు చెల్లేది. ఆ తరువాతి బాధ్యతంతా వడ్రంగిదే. నాగళ్లు, బళ్లు చేసి బాగుచేసినందుకు అతనికి రైతులు కళ్లంలో ఏటా ఇచ్చే ధాన్యాన్ని మేర అనేవారు; ఇల్లు కట్టడం మాత్రం వేరే కూలి కిందికి వచ్చేది. సింహద్వారపు ద్వారబంధం నిలబెట్టే ముహూర్తాన దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టి, వడ్రంగికి కొత్త బట్టలు పెట్టే ఆచారం నేటికీ పల్లెల్లో సాగుతోంది.

వడ్రంగి ఊహకు హద్దు పెట్టింది కలప. పాపికొండల ఎగువ నుంచి టేకు, వేగిస, మద్ది దుంగలు గోదావరి మీదుగా రాజమహేంద్రవరం చేరేవి. పచ్చి టేకు నీటిలో మునుగుతుంది కాబట్టి దుంగలను వెదురు కట్టలకు బిగించి తెప్పలుగా వదిలేవారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి రిజర్వు అడవులు ఏర్పడ్డాక టేకు మరింత ఖరీదైన వస్తువయింది. కలిగినవారు టేకు దూలాలు వాడితే, సామాన్యులు చేవ తేలిన తాటి దూలాలతోనే సరిపెట్టుకునేవారు. దొరికిన దూలం పొడవే గది వెడల్పును నిర్ణయించేది గనుక, ఈ ప్రాంతపు పాత ఇళ్లలో గదులు సన్నగా, పొడుగ్గా ఉంటాయి.

మండువా అంటే ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి విడిచిన చతురస్రపు జాగా. దాని చుట్టూ నాలుగు వైపులా వసారా, మూలల్లో స్తంభాలు, లోపలికి వాలిన కప్పు ఉంటాయి. వానాకాలంలో నాలుగు చూరుల నీరూ అందులోనే పడి, తూము గుండా బయటికి పోతుంది. వెలుతురు, గాలి ఇంటి నడుమ నుంచే రావడం వల్ల వెలుపలి గోడలకు పెద్ద కిటికీలు పెట్టే పని ఉండేది కాదు. సామాను పెద్దగా అక్కరలేకపోవడానికి కారణం కూడా ఈ కట్టడంలోనే ఉంది. దీపానికి గూడు, పుస్తకాలకు, గిన్నెలకు అలమర గోడ మందంలోనే వదిలేవారు. కండువా తగిలించే చిలక్కొయ్యను గోడ కట్టేటప్పుడే ఇటుకల మధ్య దిగవేసేవారు. చిలుక ముక్కులా వంపు తిరిగిన ఆ కొయ్యకు చెక్కిన భాగం జానెడు వెలుపల ఉంటే, చెక్కని మొరటు భాగం గోడలో దాగి ఉండేది. గోడ పూర్తయ్యాక దాని చోటు మార్చడం కుదరదు కనుక, కండువా ఎక్కడ తగిలించాలో పునాది నాడే ఆలోచించి ఉండాలి. తలుపులకూ ఇదే వరస. పాత తలుపు రెక్కకు పైనా కిందా మిగిల్చిన ములుకులు గడపలోను, పై కమ్మిలోను తొలిచిన గుంటల్లో తిరిగేవి. బందులు ఉండేవి కావు, ద్వారబంధం విప్పకుండా తలుపు ఊడదీయడం సాధ్యమయ్యేది కాదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, డెల్టాలో వరి స్థిరపడ్డాక చేతిలో డబ్బు ఆడింది, ఇళ్లలో నగిషీ పెరిగింది. కోరంగి, కాకినాడ రేవుల నుంచి బర్మా పోయి పనిచేసిన వారి సంపాదన, ఆ దేశపు టేకు ఈ తీరానికి చేరాయి. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ మొదలుపెట్టిన పెంకుల పరిశ్రమ వల్ల అచ్చు పెంకు వాడుకలోకి వచ్చి, గోదావరి జిల్లాల్లో బెంగుళూరు పెంకుగా పేరుపడింది. భోషాణం, పందిరి మంచం, ఉయ్యాల బల్ల ధనికుల హోదాకు గుర్తులయ్యాయి. ఈ దశలోనూ వాటిని చేసినది ఇంటి వడ్రంగే గాని, వేరే నిపుణుడు కాడు.

స్వాతంత్ర్యానంతర దశాబ్దాల్లో వచ్చిన సిమెంటు శ్లాబు ఈ ఏర్పాటును విడదీసింది. దూలం కొలతకు లోబడనక్కరలేని గది పెద్దదయింది. గోడ సన్నబడి గూడుకు, అలమరకు చోటు లేకపోయింది. అన్నదమ్ముల పంపకాల్లో మండువాను చీల్చడం కుదరక ఎన్నో లోగిళ్లు నేలమట్టమయ్యాయి. మేస్త్రి బోడి గదులు కట్టి అప్పగించి వెళ్లిపోతే, వాటిని నివాసయోగ్యంగా దిద్దే పని మిగిలింది. ఇంటీరియర్ డిజైనర్ వృత్తికి పుట్టుక అక్కడే. నేడు ప్లైవుడ్ అలమరలు, మాడ్యులర్ వంటిల్లు, ఫాల్స్ సీలింగ్ గీసేది అతడు, కోసి బిగించేది వడ్రంగి. ఆలోచన ఒకరిది, చేయి ఒకరిది అయిన ఈ విభజన వల్ల ఎక్కువ నష్టపోయినది వడ్రంగే. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ఆర్కిటెక్టు అనే బిరుదుకు రక్షణ కల్పించింది కాని, ఇంటీరియర్ డిజైనర్‌కు అలాంటి చట్టబద్ధమైన నమోదు లేదు, వడ్రంగికి అసలే లేదు. కూల్చిన ఇళ్ల స్తంభాలు, ద్వారబంధాలు పాత సామాన్ల వర్తకుల ద్వారా నగరాల హోటళ్లకు, విల్లాలకు తరలిపోతున్న ఈ కాలంలో, మిగిలిన కొద్ది మండువా లోగిళ్లనైనా కొలతలతో సహా చిత్రించి భద్రపరిచే పనికి రాష్ట్రంలోని ఆర్కిటెక్చర్ కళాశాలలు పూనుకోవాలి. ఆ పనికి ఆ ఇళ్లు కట్టినవారి కుటుంబాల్లోని వృద్ధ వడ్రంగులను తోడు తీసుకోవాలి.