కొత్తవాళ్లు వచ్చినప్పుడు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చరిత్రలో మనకు పనికొచ్చే సంగతులు



మొన్న ఉగాదికి హాలు గుమ్మం దగ్గర మనం రెండు బల్లలు వేసిన సంగతి మీకు తెలుసు. ఒకదాని దగ్గర కొత్త సభ్యుల వివరాలు రాసుకున్నాం. రెండోది మన కుర్రాళ్లది. అడిగినవాళ్ల ఫోన్లలో తెలుగు కీబోర్డు పెట్టివ్వడం, పాత ల్యాప్‌టాప్ తెస్తే లినక్స్ ఎక్కించడం వాళ్ల పని. ఆ రోజు రెండు బల్లల దగ్గరా ఒక్కొక్క మనిషిని పోగొట్టుకున్నాం.

ఈ ఊరికి వచ్చి మూడు నెలలైన ఒకావిడ కుర్రాళ్ల దగ్గరికి వెళ్లి, "మా అమ్మకి తెలుగులో మెసేజ్ పెట్టాలి బాబూ, ఎలా?" అని ఫోన్ చేతికిచ్చింది. మనవాడు ఫోన్ చూసి, "అక్కా, ఇందులో ఉన్నవన్నీ మీ మీద నిఘా పెట్టే యాప్‌లే" అని అందుకున్నాడు. అరగంట చెప్పాడు. చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ ఆవిడ ముఖం పాలిపోయింది. "మళ్లీ వస్తాలే బాబూ" అని ఫోన్ తీసుకుని వెళ్లిపోయింది, కీబోర్డు పెట్టించుకోకుండానే.

రెండో బల్ల దగ్గర కూర్చున్నది పెద్దవాళ్లమైన మేమే. మా ఫారంలో పేరు, ఇంటిపేరు, సొంత ఊరు, కులం, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, దానికి జతగా ఆధార్ జిరాక్స్. ఒకాయన అంతా చదివి, "ఉగాది పచ్చడి తినడానికి ఆధార్ ఎందుకండీ?" అని నవ్వుతూ అడిగి, ఖాళీ ఫారం బల్లమీదే పెట్టి వెళ్లాడు. మాకు కోపం వచ్చింది. తర్వాత కార్యవర్గ సమావేశంలో కుర్రాళ్లు మమ్మల్ని తప్పుపట్టారు, మేము కుర్రాళ్లను తప్పుపట్టాం. ఆ గొడవ తేలలేదు. అందుకే ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే ఉద్యమం ఎక్కడ పుట్టింది, కొత్తవాళ్లతో ఎలా మెలిగింది అని చదువుకున్నాం. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ఈ కథ అమెరికాలో ఎంఐటీ అనే విద్యాసంస్థలో మొదలైంది. 1970ల్లో అక్కడి కంప్యూటర్లకు పాస్‌వర్డులు పెట్టాలని యాజమాన్యం నిర్ణయిస్తే, రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఒప్పుకోలేదు. పాస్‌వర్డులను ఛేదించి, "మీ పాస్‌వర్డు ఇదీ అని తెలిసింది, దీనికి బదులు ఉత్త ఎంటర్ కొట్టండి, సులువుగా ఉంటుంది" అనే అర్థం వచ్చేలా వాడేవాళ్లకు సందేశాలు పంపాడు. తర్వాత కొత్త లేజర్ ప్రింటరు ఒకటి వచ్చింది. కాగితం మాటిమాటికీ ఇరుక్కునేది. దాని ప్రోగ్రాము చేతికిస్తే సరిచేసుకుంటామంటే, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చానంటూ అది ఉన్నాయన కాదన్నాడు. 1983 సెప్టెంబరు 27న స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, 1989లో జీపీఎల్ లైసెన్సు వచ్చాయి. వాటి సారం ఇంతే: ప్రోగ్రామును ఎందుకైనా వాడుకోవచ్చు, లోపల ఎలా ఉందో చూడవచ్చు, పదిమందికి పంచవచ్చు, బాగుచేసి మళ్లీ పంచవచ్చు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కూడా మరుసటి ఏడాది ఈ లైసెన్సు కిందికే వచ్చింది.

పాస్‌వర్డే వద్దన్న ఆ స్టాల్‌మన్ సెల్‌ఫోన్ దగ్గర పెట్టుకోడు. మనిషి ఎక్కడ తిరుగుతున్నాడో అది చెప్పేస్తుందని ఆయన అభ్యంతరం. మొదట విన్నప్పుడు ఇదేం విడ్డూరం అనుకున్నాం. ఆలోచిస్తే పొంతన కుదిరింది. ప్రయోగశాలలో పాస్‌వర్డు వాడేవాళ్లను అదుపులో పెట్టడానికి వచ్చిందని ఆయన భావన. ఫోన్ కూడా అంతే. రెండుచోట్లా ఆయన అడిగింది ఒకటే: పగ్గం ఎవరి చేతిలో ఉంది?

లినక్స్ పుట్టిన 1991లోనే ఫిల్ జిమ్మర్‌మన్ పీజీపీ అనే ప్రోగ్రాము తయారుచేసి ఉచితంగా పంచాడు. ఉత్తరాన్ని రాసినవాడు, అందుకున్నవాడు తప్ప మూడోవాడు చదవలేకుండా తాళం వేయడం దాని పని. అది దేశం దాటిపోయిందని అమెరికా ప్రభుత్వం 1993లో ఆయనమీద దర్యాప్తు మొదలుపెట్టి, కేసు పెట్టకుండానే 1996లో వదిలేసింది. ఈలోగా 1995లో ఆ ప్రోగ్రాము మొత్తాన్ని ఎంఐటీ ప్రెస్ పుస్తకంగా అచ్చువేసింది. 1999లో గ్నూ ప్రాజెక్టు తరఫున అదే పనిచేసే జీపీజీ మొదటి పూర్తి రూపం వచ్చింది. తాళం లోపల ఎలా ఉందో నలుగురూ చూడగలిగితేనే దాన్ని నమ్మగలం. అందుకని తెరిచి చూపించేవాళ్లూ, తాళం వేయమనేవాళ్లూ మొదటినుంచీ ఒకే ఇంటివాళ్లు. మన కుర్రాడి ఉత్సాహమూ భయమూ రెండూ ఆ ఇంటినుంచి వచ్చినవే.

అయితే ఈ జాగ్రత్తపరులు కొత్త మనుషులను ఎలా కలిశారు? "ఈ తాళంచెవి ఫలానా మనిషిదే" అని తేల్చుకోవడానికి వాళ్లు సభల్లో వరుసగా నిలబడి ఒకరి గుర్తింపు కార్డు ఒకరు చూసుకునేవాళ్లు, ఆ తర్వాత సంతకం చేసేవాళ్లు. 2006లో మెక్సికోలో డెబియన్ అనే లినక్స్ బృందం సభ జరిగింది. అక్కడ మార్టిన్ క్రాఫ్ట్ అనే సభ్యుడు ఏ ప్రభుత్వమూ ఇవ్వని, డబ్బు కడితే వచ్చే ఒక కార్డు చూపించాడు. ఎక్కువమంది గమనించలేదు. ఆయన ఆ సంగతి బయటపెట్టాక బృందంలో పెద్ద వాదన నడిచింది. కార్డు అడిగినంత మాత్రాన మనిషి తెలిసిపోడని అంతటి నిపుణులకే అనుభవమైంది. మా బీరువాలో ఉన్న ఆధార్ జిరాక్సులు గుర్తొచ్చాయి. వాటిని మేము ఒక్కసారైనా దేనితోనైనా సరిచూశామా? లేదు.

కుర్రాళ్లకూ ఒక సంగతి ఉంది. 1999లో అల్మా విటెన్, డగ్ టైగర్ అనే పరిశోధకులు 12 మందికి పీజీపీ ఇచ్చి, 90 నిమిషాల్లో ఒక ఉత్తరానికి తాళం వేసి పంపమన్నారు. మూడోవంతు మందే సరిగా చేయగలిగారు. ముగ్గురైతే రహస్యాన్ని తాళం లేకుండానే పంపేశారు. 2012 డిసెంబరులో ఎడ్వర్డ్ స్నోడెన్ పేరు చెప్పకుండా పాత్రికేయుడు గ్లెన్ గ్రీన్‌వాల్డ్‌కు రాసి, ముందు ఈ తాళం పెట్టుకోమన్నాడు. ఎలా చేయాలో వీడియో కూడా తయారుచేసి పంపాడు. గ్రీన్‌వాల్డ్ పక్కన పెట్టేశాడు. అప్పుడు స్నోడెన్ ఆ విద్య ముందే తెలిసిన లారా పోయిట్రాస్ అనే డాక్యుమెంటరీ దర్శకురాలికి రాశాడు. చివరికి 2013లో హాంకాంగ్ హోటల్లో ముగ్గురూ కలిసినప్పుడు గుర్తుపట్టడానికి ఆనవాలు ఏమిటంటే, చేతిలో ఒక రూబిక్ క్యూబు! నిఘామీద అంత పెద్ద వార్త, మొదటి మెట్టు ఎత్తుగా ఉన్నందువల్ల నెలల తరబడి ఆగింది. ఆరితేరిన పాత్రికేయుడే విసిగిపోతే, అమ్మకు మెసేజ్ పెట్టుకోవాలని వచ్చిన ఆవిడ వెళ్లిపోవడంలో ఆశ్చర్యమేముంది?

మరి మన దేశంలో ఇది ఎలా పాకింది? తిరువనంతపురంలో 2001లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా, హైదరాబాదులో 2005లో స్వేచ్ఛ సంస్థ మొదలయ్యాయి. కాలేజీల్లో ఇన్‌స్టాల్ ఫెస్టులు పెట్టేవారు. మీ కంప్యూటరు తెచ్చుకోండి, పక్కన కూర్చుని మేము ఎక్కిస్తాం అనేవారు. ఉబుంటువాళ్లు 2011 వరకూ అడిగినవాళ్ల ఇంటికి తపాలాలో సీడీలు ఉచితంగా పంపారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో కొత్తగా ఖాతా తెరిచినవాళ్లకు స్వాగత సందేశం పెట్టడం ఆనవాయితీ. అసలు పేరు చెప్పమని ఎవరూ పట్టుబట్టరు. రాసింది మాత్రం అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా దిద్దవచ్చు. పని బహిరంగం, మనిషి వివరాలు మనిషి ఇష్టం. రెండూ ఒకేచోట హాయిగా ఇమిడాయి.

ఇంటిపేరు, ఊరు అడగడం తప్పా అని మాలో పెద్దవాళ్లు కొందరు నొచ్చుకున్నారు. తప్పు కాదు. పరాయి భాష మధ్య స్థిరపడిన మన తాతముత్తాతలు "ఏ ఊరండీ? ఎవరి తాలూకు?" అని అడిగే ఒకరినొకరు పట్టుకున్నారు. పిల్లకు సంబంధం, కుర్రాడికి ఉద్యోగం, రోగికి సాయం ఆ ప్రశ్నలోంచే వచ్చాయి. కానీ కాఫీ తాగుతూ అడిగిన మాట అక్కడితో ఆగుతుంది. ఫారంలో రాసింది ఫైల్లోకి, ఫైల్లోంచి వాట్సాప్‌లోకి, అక్కడినుంచి ఎక్కడెక్కడికో పోతుంది. రెండేళ్ల కిందట మన సభ్యుల పుస్తకం ప్లాట్లు అమ్మేవాళ్ల చేతిలో పడింది. ఒంటరిగా ఉండే పెద్దావిడ ఒకరికి రోజూ ఫోన్లు వచ్చి, చివరికి ఆవిడ నంబరే మార్చుకున్నారు. ఇప్పుడు మన కబుర్లేవీ ఆవిడకు అందడం లేదు. అది మా చేతులమీదుగా జరిగిన తప్పు. ఆవిడకు మేము ఇంతవరకూ క్షమాపణ చెప్పలేదు.

కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పారు. ఎనభై దాటిన పెద్దాయన మొదలుపెట్టిన కేసు అది. కాబట్టి ఇది కుర్రాళ్ల పిచ్చి అని కొట్టిపారేయడం మాకు కుదరదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో నాలుగు మాటలు ప్రతిపాదిస్తున్నాం. కొత్త సభ్యుల ఫారంలో పేరు, ఒక ఫోన్ నంబరు చాలు, మిగతావి ఇష్టమైతేనే. బీరువాలోని ఆధార్ జిరాక్సులు ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేద్దాం, తీసుకోనివి అందరి ఎదుటా చింపేద్దాం. ఈసారి సభ్యుల పుస్తకంలో ఒప్పుకున్నవాళ్ల నంబర్లే వేద్దాం. కుర్రాళ్ల బల్ల వచ్చే పండక్కీ ఉండాలి. కాకపోతే వచ్చినవాళ్లు అడిగిన పని ముందు చేసిపెట్టాలి. నిఘా గురించి వాళ్లు అడిగితే అప్పుడు చెప్పవచ్చు, కుర్చీ వేసి, నిదానంగా.

ఫోన్ తీసుకుని వెళ్లిపోయిన ఆవిడ ఎవరో మీలో ఎవరికైనా తెలిస్తే, ఆవిడ నంబరు మాకు పంపకండి. మన కుర్రాడు కీబోర్డు పెట్టివ్వడానికి సిద్ధంగా ఉన్నాడని ఆవిడకు కబురు చెప్పండి. వీలున్నప్పుడు ఆవిడే వస్తారు.