ఉరితాడు ఎవరి మెడకు?

2025 మార్చి 10న నల్లగొండ కోర్టు మిర్యాలగూడ పరువుహత్య కేసులో తీర్పు చెప్పిన రోజు నేను సూర్యాపేటలో అమ్మ దగ్గర ఉన్నాను. 2018 సెప్టెంబర్‌లో గర్భవతి అయిన భార్య కళ్లెదుటే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. నరికిన కిరాయి మనిషికి ఉరిశిక్ష, మరో ఆరుగురికి యావజ్జీవం. వినగానే నాకు తృప్తి కలిగింది. దాచడమెందుకు? ఆ తృప్తే ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

ఈ జిల్లాకు ఉరిశిక్ష కొత్త కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెలు దొరల మీద తిరగబడ్డ కాలంలోని హత్యలకు, 1949లో ప్రత్యేక ట్రిబ్యునల్ పన్నెండు మంది రైతులకు ఉరిశిక్ష వేసింది. వాళ్ల తరఫున వాదించడానికి ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. 1951లో సుప్రీంకోర్టు కాదన్నా, దేశవిదేశాల్లో లేచిన ఆందోళనతో చివరకు అవి యావజ్జీవ శిక్షలయ్యాయి.

భూమయ్య, కిష్టాగౌడ్‌లకు ఆ అవకాశం దక్కలేదు. ఆదిలాబాద్ జిల్లా రైతులు, నక్సలైట్ ఉద్యమంలోకి వచ్చినవాళ్లు. భూస్వాముల హత్యకేసుల్లో 1972లో ఉరిశిక్ష పడింది. కె.జి. కన్నబిరాన్ వంటి న్యాయవాదులు పోరాడితే 1975 మేలో, ఉరి ఇక కొన్ని గంటలే ఉందనగా, స్టే వచ్చింది. జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. సభలు పెట్టే వీల్లేదు, పత్రికలకు నోరు లేదు. డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఇద్దర్నీ ఉరితీశారు. ఆ జైలు స్థలంలో ఇప్పుడు గాంధీ ఆస్పత్రి ఉంది.

స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చాక సాయుధపోరాటంలోని ఆడవాళ్ల గొంతు మనకు వినబడింది. నేను చదివిన ఉరి కథల్లో మాత్రం తల్లి, భార్య ఇప్పటికీ జైలు గేటు బయటే ఉన్నారు. వాళ్లేమన్నారో ఎవరూ అడగలేదు.

దొర మీద తిరగబడి చేసిన హత్య, కులం కోసం డబ్బిచ్చి చేయించిన హత్య ఒకటి కావు. ఉరికొయ్యకు ఆ తేడా తెలియదు. మిర్యాలగూడ కేసులో మొదటి ముద్దాయి, ఆ అమ్మాయి తండ్రి, 2020లోనే చనిపోయాడు. తాడు వచ్చి డబ్బు తీసుకున్నవాడి మెడ దగ్గర ఆగింది. మెడ లేని కులానికి దాన్నెక్కడ బిగిస్తారు?

"అయితే ఆ పిల్లకు న్యాయం జరగొద్దంటవా?" అంది అమ్మ.

జరగాలి. తనకు నచ్చినవాడితో ఏ పిల్లయినా ఈ ఊళ్లలో భయం లేకుండా బతకగలిగితే అది న్యాయం. ఉరి ఆ పని చేస్తుందని మాత్రం నేనిక అనలేను.