తాళమును పూచీయును

సైకిలు తాళము కొన్నవారికి దానితోపాటు చోరభయమునకు బీమా నిచ్చు ఆచారము పాశ్చాత్యదేశములలో నున్నది. దొంగ తాళమును విరిచి బండిని కొనిపోయినచో, తాళము చేసినవారే బండి వెలను ఒక పరిమితికి లోబడి చెల్లింతురు. ఇది విని కొందరు ఎంత క్రొత్త యూహ యని అబ్బురపడుదురు. బడిలో చరిత్రమును బోధించుచు, ఇంటిలో ధర్మశాస్త్రములను తిరుగవేసిన నాకు మాత్రము ఇది పాత సరకు గానే తోచినది.

యాజ్ఞవల్క్యస్మృతిలోని వ్యవహారాధ్యాయమును చూడుడు. దొంగలు హరించిన ద్రవ్యమును రాజు ప్రజకు ఇచ్చి తీరవలెను. ఈయనిచో పాపము రాజును చెందును. గ్రామపు పొలిమేరలో చోరీ జరిగి, దొంగ యడుగుజాడ వెలుపలికి పోనియెడల ఆ గ్రామమే బాధ్యత వహింపవలెను. జాడ ఏ గ్రామమునకు పోయిన ఆ గ్రామము ఇచ్చుకొనవలెను. ఊరికి క్రోశెడు దూరమునకు ఆవల జరిగినచో చుట్టునున్న ఐదూళ్ళో పదూళ్ళో కలిసి చెల్లింపవలెను. కౌటిల్యుడు ఇంకను లౌక్యుడు. బాటసారి వర్తకుడు గ్రామమున బస చేయునప్పుడు తన సరకు విలువను ముందుగా తెలియజేయవలెనట. అట్లు తెలిపిన సరకు రాత్రి పోయినచో గ్రామాధికారి దానిని ఇచ్చుకొనవలెను. నేటి బీమా కంపెనీ కొనుగోలు రసీదు చూపుమనుటయు, ముందుగా పేరు నమోదు చేసికొనుమనుటయు ఇదియే గదా!

ఇదంతయు గ్రంథములలోని మాట మాత్రమే యనవలదు. దక్షిణమున తమిళ జిల్లాలలో కావల్కారులు ఊరివారినుండి రుసుము పుచ్చుకొని, పోయిన సొత్తును రాబట్టియో, రాబట్టలేనిచో దాని వెల నిచ్చియో తీర్చుకొను కట్టుబాటు ఉండెను. రుసుము ఈయని యింట కావల్కారుల మనుష్యులే కన్నము వేయుటయు కలదు; పూచీదారుడే దొంగయైన వింత యది. మన తెలుగు పల్లెలలో పంటలో మేర పుచ్చుకొని ఊరు కాచినవాడు తలారి. నేరముల జాడ తీయుట, బాటసారులకు తోడు పోవుట అతని పని. మా నర్సీపట్నమునకు ఎగువ మన్యమున ముఠాదారులు తమ ముఠాలో శాంతిని కాపాడు షరతుపైననే భూముల ననుభవించిరి. ఆ పద్ధతి 1969 నాటి రెగ్యులేషనుతో పోయినది.

కంపెనీవారి దొరతనమున ఈ వ్యవస్థ మారెను. 1816 నాటి 11వ రెగ్యులేషను గ్రామ మునసబును తలారిని సర్కారు పోలీసు పనికి చేర్చెను. 1859లో 24వ ఆక్టుచే చెన్నపట్టణపు రాజధానిలో జీతములు పుచ్చుకొను పోలీసుదళ మేర్పడెను. ఈ మార్పువలన కలిగిన మేలును నేను కాదనను. కాని అంతవరకు కాపలాయు పూచీయు ఒక్కచేతిలో నుండెడివి. అటుపై అవి విడిపోయినవి. క్రొత్త పోలీసువాడు దొంగను పట్టును, దొరకనిచో కాగితము మూయును. సొత్తు వెల మాత్రము ఈయడు.

ఆ కాలముననే ఇంగ్లండులో తాళములవారు గొప్పలు చెప్పుకొనుచుండిరి. జోసెఫ్ బ్రామా అంగడివారు, తమ తాళమును సాధనముతో తెరచినవానికి 200 గినీలు ఇత్తుమని కిటికీలో పలక కట్టిరి. అది దశాబ్దములపాటు అట్లే యుండెను. 1851లో లండను మహాప్రదర్శనకు వచ్చిన అమెరికావాడు హాబ్స్ దానిని తెరచి సొమ్ము గైకొనెను. అది పందెమే గాని పూచీ కాదు. తాళము కొన్నవాని సొత్తు పోయినచో బ్రామా వంశమువారు పైసయు ఈయనక్కరలేదు.

తాళమునకు పూచీని మరల ముడివేసినవారు అమెరికాలోని క్రిప్టొనైట్ కంపెనీవారు. 'యు' అక్షరమువలె వంచిన ఉక్కుకడ్డీ వారి తాళము. 1972లో న్యూయార్కు వీధిలో ఒక సైకిలును దానితో బిగించి 30 దినములు విడిచిరి. ఊడదీయగల భాగములన్నియు పోయినవి, బండి చట్రము మాత్రము నిలిచినది! అటుపై వారు తమ తాళము విరిగి బండి పోయినచో పరిహార మిత్తుమనిరి. షరతులు చాల కలవు: ముందు నమోదు, పోలీసు ఫిర్యాదు, తాళపుచెవి, అన్నిటికంటె ముఖ్యముగా విరిగిన తాళపు తునకలు. స్మృతికారునకు అడుగుజాడ ఎట్టిదో వీరికి ఆ తునక అట్టిది. 2004లో గుండ్రని చెవిగల వారి తాళములు మామూలు వ్రాతకలపు గొట్టముతో తెరువబడుచున్నవని లోకమున కెల్ల తెలిసినది. కంపెనీవారు వానిని మార్చి క్రొత్తవి ఈయవలసివచ్చెను. పూచీ పడినవాడు గనుకనే దిద్దుకొనెను.

ఇక మా ఊరి సంగతి. నేను పనిచేసిన కాలమున దూరపు పల్లెనుండి వచ్చు విద్యార్థి యొకని సైకిలు సంతనాడు పోయినది. వెనుక చక్రమునకు తాళము వేసియే యుండెను, బండిని ఎత్తుకొనిపోయిరి. తండ్రి కూలి. ఇంకొక బండి కొనలేకపోయెను. నెల తిరుగకమున్నే పిల్లవాని చదువును పోయినది. అంగడిలో తాళము అమ్మినవానికి గాని, చేసినవానికి గాని, ఊరికి గాని ఆ నష్టముతో సంబంధము లేదు.

నేడు మన దేశమునను సైకిళ్లకు బీమా యిచ్చువారు కలరు. పోలీసుల యొద్ద ఫిర్యాదు నమోదైన కాగితము వారికి చూపవలెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలైన భారతీయ న్యాయసంహిత ప్రకారము, 5,000 రూపాయలకు లోపు వెలగల సొత్తును తొలిసారి దొంగిలించినవాడు దానినో దాని వెలనో తిరిగి యిచ్చినచో సమాజసేవయే శిక్ష. అట్టి చోరీని మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయరాని నేరముగా నాగరిక సురక్షా సంహిత పట్టికలో చూపిరి. కూలివాని పాత సైకిలు వెల ఆ 5,000లకు చాల దిగువననే యుండును.