వీనుల విందైన గుహ

లక్షల కొద్దీ నల్లరాతి స్తంభాలను పక్కపక్కనే నిలబెట్టి, పైన గడ్డి కప్పు వేసి, సముద్రం మధ్యలో వదిలేస్తే ఎలా ఉంటుందో స్టాఫా ద్వీపం అలా ఉంటుంది. స్కాట్లాండ్ పడమటి తీరంలో మల్ అని ఓ పెద్ద ద్వీపం ఉంది. దానికి పడమరగా సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉందీ స్టాఫా. అటూ ఇటూ చూస్తే పొడవు కిలోమీటరు. మనుషులెవరూ ఉండరు. దాని దక్షిణపు కొసన ఉన్న గుహ పేరు ఫింగల్స్ కేవ్.

దాన్ని చూపించడానికి మోటారు పడవలు బోలెడున్నాయి. నేను మాత్రం ఓ జూన్ వారాంతంలో, గైడుతో కలిసి వెళ్ళే చిన్న గుంపులో చేరి, కయాక్‌లో వెళ్ళాను. కయాక్ అంటే మనిషి నడుం దాకా లోపలికి దూరి కూర్చునే సన్నటి పడవ. తెడ్డుకి రెండు వైపులా రెక్కలుంటాయి. రోజుకి పది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి ఇదీ కూర్చుని చేసే పనే కదా అని మా ఆవిడకి నచ్చజెప్పి బయల్దేరాను. (మర్నాడు భుజాలు వేరే సంగతి చెప్పాయనుకోండి.)

గుహ సుమారు 20 మీటర్ల ఎత్తు, 70 మీటర్ల లోతు. అలలు బాగా తగ్గితే తప్ప కయాక్‌తో లోపలికి పోకూడదు. మా గైడు ద్వారం దగ్గర ఆగి, చాలాసేపు నీటి వాలకం గమనించి, ఒక్కొక్కరినే రమ్మన్నాడు. రెండు పక్కలా స్తంభాలు, పైకప్పు చూస్తే అవే స్తంభాలు విరిగిన మొదళ్ళు. బయట చిన్నగా కనిపించిన అల లోపల చివరి గోడ దాకా పోయి, గాలిని నొక్కి, బొయ్‌మని ఓ మంద్ర శబ్దం చేస్తుంది. చెవికంటే ముందు పడవ అడుగున, తొడల కింద తెలుస్తుందది. గుహకున్న పాత గేలిక్ పేరుకి అర్థం "ఇంపైన గుహ", అంటే శ్రావ్యమైనది. పేరు పెట్టినవాడెవడో నాలాగే నీటి మట్టానికి కూర్చుని విన్నాడనిపించింది.

ఈ స్తంభాలను ఎవరూ చెక్కలేదు. ఆరు కోట్ల ఏళ్ళకి కాస్త అటూ ఇటూగా ఇక్కడ లావా పారింది. చెరువు ఎండితే మట్టి నెర్రెలు విచ్చుతుంది చూశారూ, అలాగే లావా చల్లారుతూ కుంచించుకుని పగుళ్ళిచ్చింది. నెమ్మదిగా, సమంగా చల్లారిన చోట ఆ పగుళ్ళు కిందికి దిగుతూ ఎక్కువగా ఆరు పలకల స్తంభాలయ్యాయి. పైభాగం తొందరగా చల్లారడం వల్ల అక్కడ రాయి వంకరటింకరగా ఉంది. ఆ తర్వాత పని సముద్రానిది. 18వ శతాబ్దం చివర్లో యూరప్ పండితులు ఇలాంటి రాయి నిప్పులోంచి పుట్టిందా, నీళ్ళలోంచి పుట్టిందా అని ఘోరంగా పోట్లాడుకున్నారు. నిప్పు పక్షమే గెలిచింది. కానీ గుహ లోపల కూర్చుంటే నీళ్ళ పక్షం వాళ్ళని మరీ వెక్కిరించబుద్ధి కాదు.

గోదావరి జిల్లాల వాళ్ళకో మాట. ఈ రాయి మనకి కొత్తేం కాదు. పంగిడి, కాటేరు దగ్గర దొరికే నల్లరాయీ బసాల్టే. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని రాజమండ్రి ట్రాప్స్ అంటారు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కనులో పొంగిన లావా పాత నదీ లోయల వెంట వందల కిలోమీటర్లు పారి అక్కడిదాకా వచ్చిందని వాళ్ళలో చాలామంది అభిప్రాయం. దాన్ని మనం కంకర కొట్టి రోడ్లేసుకున్నాం. ఇక్కడివాళ్ళు టిక్కెట్టు పెట్టి పడవలేశారు. అంతే తేడా!

సరే, చరిత్రలోకి వద్దాం. ఏ పుస్తకం తెరిచినా స్టాఫాని 1772లో జోసెఫ్ బ్యాంక్స్ "కనుక్కున్నాడు" అని ఉంటుంది. కెప్టెన్ కుక్ మొదటి యాత్రలో వెళ్ళిన వృక్షశాస్త్రవేత్త ఈయన. రెండో యాత్ర దగ్గర పేచీ వచ్చి, సొంత ఖర్చుతో ఐస్‌లాండ్ బయల్దేరాడు. దారిలో ఒక ఇంగ్లీషు పెద్దమనిషి ఇలాంటి ద్వీపం ఒకటుందని చెబితే ఆగి, చిత్రకారులతో బొమ్మలు గీయించి, కొలతలు తీయించాడు. 1774లో థామస్ పెన్నంట్ యాత్రా గ్రంథంలో అది అచ్చయ్యాక ప్రపంచానికి తెలిసింది.

కానీ బ్యాంక్స్ దిగేనాటికే ద్వీపం మీద ఒక ఇల్లుంది! ఇంకా తమాషా ఏమిటంటే, "స్టాఫా" అన్న మాటే పాత నార్స్ భాషది. స్తంభాల ద్వీపం అని అర్థం. అంటే బ్యాంక్స్‌కి ఎన్నో వందల ఏళ్ళ ముందే ఈ నీళ్ళలో తిరిగిన వైకింగులు స్తంభాలను చూడ్డమే కాదు, పేరులోనే రాసిపెట్టి పోయారు. బ్యాంక్స్ కనుక్కున్నదల్లా పేరుకి అర్థమే.

మరుసటి ఏడాది డాక్టర్ జాన్సన్ ఈ ప్రాంతానికొచ్చాడు. అలలెక్కువై స్టాఫా మీద దిగలేకపోయాడు. ఇంత వింతని మీరు పట్టించుకోలేదేమని స్థానికులని నిలదీస్తే వాళ్ళ దగ్గర పెద్దగా జవాబు లేదనీ, రోజూ చూసేది వింతగా అనిపించదనీ రాశాడు. న్యాయంగానే అన్నాడు. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. వాళ్ళ జవాబు గేలిక్‌లో ఉంది. పాటల్లో, పేర్లలో ఉంది. అచ్చులో లేదు, అంతే.

గుహ పేరు చూడండి. "ఇంపైన" అన్న గేలిక్ మాట ఇక్కడ "వీన్" అని పలుకుతుంది. (మన వీనులకీ దీనికీ చుట్టరికం లేదు లెండి, నాకు నచ్చిందంతే.) "ఫిన్ అనే వీరుడిది" అనడానికి మాట "ఈన్". బ్యాంక్స్ పేరడిగితే గైడు ఇది ఫిన్ మకూల్ గుహ అనీ, ఆ ఫిన్‌నే ఆసియన్ కావ్యాల అనువాదకుడు ఫింగల్ అన్నాడనీ చెప్పాడట. "వీన్" కాస్తా "ఈన్" అయిందేమోనని కొందరి అనుమానం. ఆ "అనువాదకుడు" జేమ్స్ మెక్‌ఫర్సన్. ఆయన ప్రాచీన కావ్యమంటూ 1760లలో అచ్చేసిందాంట్లో సొంత కల్పన ఎంతో ఉందని తర్వాత తేలింది. చివరికి ఊరివాళ్ళ పేరు పోయి పుస్తకంలోని పేరు నిలిచింది. దారి చూపినవాడు మాత్రం అచ్చులో "మా గైడు"గానే మిగిలిపోయాడు.

ఆ తర్వాత కీట్స్, టర్నర్, విక్టోరియా రాణి అందరూ వచ్చారు. మెండెల్‌సన్ 1829 ఆగస్టు 8న వచ్చాడు. ఆయన "హెబ్రిడీస్" ఓవర్చర్ గుహ చూసి పుట్టిందంటారు గానీ, తొలి స్వరాలు ముందురోజే ఉత్తరంలో రాసి ఇంటికి పంపాడు. గుహ దగ్గరికొచ్చేసరికి ఆయనకి సముద్రపు కడుపు తిప్పుడు!

యాత్రికులు పెరుగుతున్న ఆ ఏళ్ళలోనే, మల్‌కీ స్టాఫాకీ మధ్యలో ఉన్న అల్వా ద్వీపం ఖాళీ అయింది. 1830లలో అక్కడ 600 మంది దాకా ఉండేవారు. కెల్ప్ నాచు వ్యాపారం పడిపోయింది. 1835లో ద్వీపాన్ని కొన్న భూస్వామి కౌలుదార్లని తరిమేశాడు. 1846 నుంచి బంగాళాదుంప తెగులు మిగతా పని పూర్తిచేసింది. పైకప్పుల్లేని ఇళ్ళ గోడలు ఇప్పటికీ ఉన్నాయి. 2018లో స్థానికులే సర్కారు సాయంతో ద్వీపాన్ని కొనుక్కుని మళ్ళీ జనాన్ని తెచ్చే ప్రయత్నం మొదలెట్టారు. మనమూ ఊరొదిలి వచ్చినవాళ్ళమే. కాకపోతే మనకి తిరుగు టిక్కెట్టుంది, వాళ్ళకి లేదు.

ఈ కథ మనదాకా వస్తుంది కూడా. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ వైద్యుడు సామర్లకోటలో ఉండి మన మొక్కలకి బొమ్మలు గీయించాడు. అవి 1795 నుంచి "ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్" పేరుతో 300 చిత్రాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. ఆ పని నడిపించింది ఎవరనుకున్నారు? ఈ బ్యాంక్సే! అందులో మొక్కల తెలుగు పేర్లున్నాయి. గీసిన మన చిత్రకారుల పేర్లు లేవు. దీనికి భిన్నంగా, ఇదే హెబ్రిడీస్‌లోని లూయిస్ ద్వీపంలో పుట్టిన కాలిన్ మెకంజీ తన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్యల పేర్లు రాసిపెట్టాడు. కాబట్టే రెండొందల ఏళ్ళ తర్వాత కూడా కైఫీయతుల మాటొస్తే వాళ్ళనీ తలుచుకుంటున్నాం. రాయాలనుకుంటే ఆ రోజుల్లోనూ రాయొచ్చన్నమాట.

మీ ఊరి గుట్టకో, కోనకో, చెరువు గట్టుకో మ్యాపులో లేని పేరుంటుంది. అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, ఆ పేరూ, చెప్పినవాళ్ళ పేరూ కలిపి ఓ కాగితం మీద రాసిపెట్టండి. ఏదో ఒక రోజు ఎవడో వచ్చి దాన్ని కనుక్కుంటాడు.